స్వహస్తాలతో హాజరు

ఆపన్నహస్తం సేవా సమితి కార్యవర్గ సమావేశాలకు సభ్యులు పదకొండేళ్ళుగా తమ కుడిచేతులను మాత్రమే పంపిస్తున్నారు. విజయనగరంలో ఇది ఎవరికీ వింతగా తోచలేదు. సభ్యులు తీరికలేనివాళ్ళు, సమితికి కావలసింది వాళ్ళ సంతకం. మూడు నెలలకొకసారి ఒక ఆటో ఇంటింటికీ తిరిగి, ఆరు చేతులనూ తువ్వాళ్ళలో చుట్టి తీసుకువచ్చేది. కార్యదర్శి గంటేడ సన్యాసినాయుడు వాటిని బల్లమీద వరసగా పెట్టి, జమాఖర్చులు చదివి, తీర్మానం ప్రవేశపెట్టేవాడు. చేతులన్నీ లేచేవి. తరవాత సంతకాలు చేసేవి. "సభ్యులందరూ స్వహస్తాలతో హాజరైనారు" అని మినిట్స్ పుస్తకంలో రాసేవాడు. అందులో అబద్ధమేమీ లేదు.

సమితి చేసే పని ఒక్కటే. ఊళ్ళోని ఆసుపత్రి ఎదుట షెడ్డులో, రోగులకు తోడుగా వచ్చినవాళ్ళకు మధ్యాహ్నం ఉచితంగా భోజనం పెడుతుంది.

ఏడో సభ్యురాలిగా చేరిన పైడిరత్నం పోస్టాఫీసు పొదుపు ఖాతాల కౌంటరులో ముప్పై మూడేళ్ళు పనిచేసి రిటైరైన మనిషి. మొదటి సమావేశానికి ఆమె మొత్తంగా వచ్చింది. సన్యాసినాయుడు ఇబ్బందిపడ్డాడు. ఆ గదిలో ఉన్నది ఒకటే కుర్చీ, అది ఆయనది.

"చెయ్యి పంపితే సరిపోయేది కదమ్మా. మీకెందుకు శ్రమ?"

"శ్రమేముంది బాబూ, రెండు వీధులు. బ్యాంకు పాసుపుస్తకం ఓసారి ఇలా ఇవ్వండి."

"అందరూ సంతకాలు పెట్టీసినారు కదండీ."

"పెట్టారు. నేనింకా చదవలేదు."

పక్క టీకొట్టు నుంచి కుర్చీ తెప్పించడానికి పావుగంట పట్టింది, పాసుపుస్తకం దొరకడానికి మూడు రోజులు. రోజుకు మూడువందల మందికి సరిపడా బియ్యం, కందిపప్పు కొన్నట్టు లెక్కలున్నాయి. సరుకులు వేసేది సన్యాసినాయుడి బావమరిది. మర్నాడు పన్నెండు గంటలకు పైడిరత్నం షెడ్డు దగ్గర నిలబడి విస్తళ్ళు లెక్కపెట్టింది. నూట పద్దెనిమిదో విస్తరితో గుండిగ ఖాళీ అయింది. వరసలో తరవాతి మనిషి పార్వతీపురం నుంచి వచ్చిన ఒక ఇల్లాలు. భర్త వార్డులో ఉన్నాడు. ఖాళీ స్టీలు గిన్నె కొంగు కింద పెట్టుకుని వెనక్కి వెళ్ళిపోయింది.

"రేపు బేగి రామ్మా," అని వంటమనిషి ఆమె వెనక కేకేసి, పైడిరత్నం వైపు తిరిగి గొంతు తగ్గించింది. "నూటిరవై మందికే బియ్యమిస్తారమ్మా. ఆరేళ్ళనుంచీ ఇంతే."

తరవాతి సమావేశంలో పైడిరత్నం ఈ సంగతంతా ఆరు చేతులకూ ఇరవై నిమిషాలు వివరించింది. చేతులకు చెవులుండవు. అధ్యక్షులు, రైసుమిల్లు యజమాని పెనుమత్స రామభద్రరాజు గారి చెయ్యి బల్లమీద మెల్లగా తాళం వేస్తూ కూర్చుంది. సన్యాసినాయుడు ఫోను మాట్లాడటానికి బయటికి వెళ్ళినప్పుడు ఆమె ఒక తెల్లకాగితం తీసి, "జమాఖర్చులు మేము ఏనాడూ చదవలేదు. తేడా వచ్చిన సొమ్ముకు మేమే జవాబుదారులం" అని రాసి చేతుల ముందు పెట్టింది. ఆరు చేతులూ ఏకగ్రీవంగా సంతకాలు చేశాయి. తనూ సభ్యురాలే కనుక ఏడో సంతకం ఆమె పెట్టింది.

ఆమె ఆ కాగితాన్ని దాఖలు చేసిన సంఘాల రిజిస్ట్రేషన్ కార్యాలయంలో సంతకాలు సరిపోల్చి చూశారు. సరిపోయాయి. ఇళ్ళకు నోటీసులు వెళ్ళాయి. రామభద్రరాజు గారు చేతిని అతికించుకుని స్వయంగా కార్యాలయానికి వచ్చారు.

"ఆ సంతకం నేను పెట్టలేదండీ. నా చెయ్యి పెట్టింది."

అధికారికి ఇటువంటివి నెలకు రెండు మూడు వస్తాయి. "మొన్న సమితి తరఫున సన్మానం జరిగింది కదా, శాలువా ఎవరు కప్పించుకున్నారండీ?"

"నేనే."

"నోటీసు కూడా మీకేనండి."

సొమ్ము ఏడుగురూ వేసుకుని కట్టారు. పైడిరత్నం తన వాటాకు ఫిక్సెడ్ డిపాజిట్ తీసింది. బావమరిదిని మార్చారు. సన్యాసినాయుణ్ణి మందలించి అదే పదవిలో ఉంచారు, ఆ పని చేస్తామని ఇంకెవరూ ముందుకు రాలేదు. కొత్తగా ఏడు కుర్చీలు కొన్నారు. వాటి బిల్లు సభ్యులు రెండుసార్లు చదివారు. ఏడాదిపాటు అందరూ మొత్తంగా వచ్చారు, క్రీమ్ బిస్కెట్లు తిన్నారు, పప్పు ధర గురించి వాదించుకున్నారు. షెడ్డులో మూడువందల మందీ తిన్నారు.

రెండో ఏడు కోతల కాలంలో రాజుగారు, మిల్లు పని తెమలక, ఈ ఒక్కసారికి చేతిని పంపారు. పైసారి మూడు చేతులొచ్చాయి. ఆ తరవాత పైడిరత్నం ఒక్కతే, కుర్చీల్లో పెట్టిన చేతుల మధ్య కూర్చుని లెక్కలు గట్టిగా చదివేది.

శ్రావణంలో ఆమె మోకాలికి ఆపరేషన్ జరిగింది. సన్యాసినాయుడు పళ్ళు పట్టుకుని చూడటానికి వచ్చాడు.

"మీరు కదలొద్దమ్మా. ఈసారికి చెయ్యి పంపండి. మామూలు విషయాలే."

"కాగితాలు ఇక్కడికే పంపించకూడదా?"

"పంపుతానమ్మా. చాలా ఉంటాయి, మంచం మీద చదవలేరేమో మరి."

సమావేశం రోజున ఆమె కుడిచేతిని ఊడదీసి ఆటోవాడికిచ్చింది. నొప్పి పుడుతుందనుకుంది గానీ పుట్టలేదు. గాజులు తియ్యడమే కష్టమైంది. ఆ మధ్యాహ్నం ఆమెకు చాలా రోజుల తరవాత మంచి నిద్ర పట్టింది. సాయంత్రం ఆటోవాడు చేతిని తువ్వాల్లో చుట్టి భద్రంగా తెచ్చి ఇచ్చాడు. వేళ్ళకు సిరా అంటి ఉంది. ఎడమచేత్తో శుభ్రంగా కడిగి, అతికించుకుని, కాఫీ కలుపుకుంది. అది దేనిమీద సంతకం పెట్టి వచ్చిందో కనుక్కోలేదు.