నవ్వితే ఐదు పాయింట్లు

మనిషిని మనిషిగా అర్థం చేసుకున్నవాడు ఈ లోకంలో ఒక్కడే ఉన్నాడు. వాడు జ్ఞాని కాదు, విజ్ఞాని కాదు, మనసుల డాక్టరు అంతకన్నా కాదు. ఫోన్లో మూడు పండ్లు ఒక వరసలో పేరిస్తే ‘ఢాం’ అని పేలే ఆటను తయారుచేసినవాడు!

ముక్కు మీద వేలేసుకున్నారా? వేసుకోండి. ఆ వేలుకు ఫోను మీది నుంచి సెలవు దొరకడం ఇవాళ ఇదే మొదటిసారి అయ్యుంటుంది.

ఫోను ఆటలు కొంపలు ముంచుతున్నాయని మైకు దొరికిన ప్రతివాడూ మొత్తుకుంటున్నాడు. నేనూ మొత్తుకున్నవాణ్ణే. ఇదే కాలమ్‌లో, ఇదే పెన్నుతో! నా మొత్తుకోళ్లన్నిటినీ ఇవాళ మొత్తంగా వెనక్కి తీసుకుంటున్నాను. ఆ ఆటలు శాపం కాదు, వరం.

మా అత్తగారిని చూడండి. డెబ్భై రెండేళ్ల మనిషి. మాత్ర వేసుకోమంటే మూడుసార్లు మరిచిపోతారు. అదే పొద్దున ఐదున్నరకు ‘ఈ రోజు మీ బహుమతి సిద్ధం’ అని ఫోను కిలకిలమంటే, మోకాళ్ల నొప్పులు మరిచి దిగ్గున లేచి కూర్చుంటారు. ఏమిటా బహుమతి? లేని సుత్తి! ఆ లేని సుత్తితో లేని రాయిని పగలగొడితే లేని పండొకటి దొరుకుతుంది. ప్రస్తుతం ఆవిడ రెండువేల మూడువందల పద్నాలుగో లెవెల్లో ఉన్నారు. నేను ఉద్యోగంలో చేరి ఇరవై ఆరేళ్లయింది, రెండో లెవెల్ దాటలేదు.

మా కింది ఫ్లాటు ఆయన వీధి చివరి కొట్టుకు వెళ్లాలన్నా బండి తీసేవాడు. కొడుకు ఆయన చేతికి అడుగులు లెక్కపెట్టే గడియారం కట్టాడో లేదో, సోఫా చుట్టూ పదివేల అడుగులు! ఆ సోఫాలో వాళ్లావిడ కూర్చుని ఉండటంతో మొదట్లో మేమంతా భక్తి అనుకున్నాం.

మా ఆవిడ ఒక పళ్ల ఆసుపత్రిలో కౌంటరు దగ్గర పనిచేస్తుంది. అక్కడ ఈమధ్య కార్డులు ఇస్తున్నారు. ఐదు పళ్లు పీకించుకుంటే ఆరోది ఉచితం! నాలుగు గళ్లు నిండినవాళ్లు అద్దం ముందు నిలబడి, ఐదోది ఏదైనా కదులుతోందేమోనని ఆశగా వెతుక్కుంటున్నారట.

ఇంతటి శక్తిని తిట్టడమా? నేర్చుకోవాలి గానీ!

నాకు ఆ శక్తితో పనిపడింది కూడా. సిగ్గు విడిచి చెబుతున్నాను, వినండి. మా భోజనాల బల్లకు నాలుగు కుర్చీలు. ఒకదాని మీద నేను, ఇంకోదాని మీద ప్రింటరు, మూడోదాని మీద ఉతికిన బట్టలు, నాలుగోదాని మీద ఉతకాల్సినవి. ఎనిమిది కొట్టగానే మా ఆవిడ పళ్లెం పట్టుకుని టీవీ గదిలోకి, అత్తగారు మంచం మీదకి, కాలేజీలో చదివే మా అమ్మాయి తన గదిలోకి. బల్ల దగ్గర నాకు తోడు ఉప్పుడబ్బా. దానికే ఒక జోకు చెబుతాను. బోర్లా తిప్పి ఊపితే తప్ప దాన్నుంచీ ఏమీ రాలదు.

ఊరంతా నా చమత్కారాలకు నవ్వుతుందని మా ఎడిటరు అంటాడు. ఆ మాట అనేటప్పుడు ఆయన నవ్వడు, అది వేరే సంగతి. ఇంట్లో మాత్రం నేను నోరు తెరిస్తే తలుపులు మూసుకుంటాయి. దీనికి కారణం ఫోను కాక ఇంకేమిటి? నాలాంటి మాటకారి ఇంట్లో ఉండగా మనుషులు పళ్లాలు పట్టుకుని పారిపోవడానికి మరో కారణం ఉంటుందా, మీరే చెప్పండి!

నా కోరిక చిన్నది. ఆ ముగ్గురూ రోజుకొక్కసారి ఆ బల్ల దగ్గర కూర్చోవాలి. కూర్చుని నవ్వాలి. అంతే!

ముల్లును ముల్లుతోనే తీయాలని, ఆన్‌లైన్లో ఆరు వారాల గేమ్ డిజైన్ కోర్సులో చేరాను. పాఠం చెప్పే అమ్మాయికి పాతికేళ్లుండవు. తోటి విద్యార్థులకు మీసాలింకా లోడింగ్‌లోనే ఉన్నాయి. ఆ అమ్మాయి వాళ్లందర్నీ పేరు పెట్టి పిలిచి, నన్ను మాత్రం ‘అంకుల్’ అంది. మొదటిరోజే నా లెవెల్ తేల్చేసింది.

ఏమి చదువండీ అది! ఆటకు ముందు ఒక గమ్యం ఉండాలట. తర్వాత రూల్సు ఉండాలట. రూలు లేని ఆట, రోలు లేని రోకలి అని నేను నోటుబుక్కులో రాసుకున్నాను. ఆ పైన ఫీడ్‌బ్యాక్. అంటే ఆడేవాడు ఏ చిన్న పనిచేసినా ఆట వెంటనే బదులివ్వాలి, టింగుమనాలి, మెరవాలి. మా ఇంట్లో ఫీడూ ఉంది, బ్యాకూ ఉంది. పళ్లెంలో ఇంత పెట్టి వీపు చూపించి వెళ్లిపోతారు. నాలుగో వారం చెప్పిన పాఠానికైతే చేతులెత్తి దండం పెట్టాను. ఆట మరీ తేలికైతే విసుగు, మరీ కష్టమైతే విరక్తి. రెండింటికీ నడుమ ఉన్న సన్నని దారిలో ఆటగాణ్ణి నడిపించాలి. ఈ ముక్క నా పెళ్లికి ముందు ఎవరైనా చెప్పి ఉంటే ఎంత బాగుండేది!

ఐదో వారానికల్లా నా ఆట సిద్ధమైంది. నాలుగు పేజీల రూల్సు, ఫ్రిజ్ తలుపు మీద చార్టు. బల్ల దగ్గర కూర్చుంటే పది పాయింట్లు. ఫోను ఫ్రిజ్ మీద పెడితే ఇరవై. నా జోకుకు నవ్వితే ఐదు, పళ్లు కనబడేలా నవ్వితే పది, బల్ల చరిచి నవ్వితే పదిహేను. ఒక్కరోజూ తప్పకుండా వారమంతా వస్తే స్ట్రీకు, దానికి వేరే వంద. నేను స్ట్రీకు పెట్టాను, వాళ్లు స్ట్రైకు చేశారు. మొదటిరోజు ఎవరూ రాలేదు. ఎక్కువ పాయింట్లు వచ్చినవాళ్లదే ఆ రాత్రికి టీవీ రిమోటు అని ప్రకటించాను. రెండోరోజు ప్రింటరు కిందికి దిగింది, బట్టలు బీరువాలోకి ఎక్కాయి, ముగ్గురూ కుర్చీలెక్కారు!

అత్తగారు రెండువేల లెవెల్స్ దాటిన యోధురాలు. కళ్లజోడు తుడుచుకుని రూల్సు రెండుసార్లు చదివారు.

“అల్లుడుగారూ, జోకు మొత్తం వినాలని ఇందులో ఎక్కడా లేదే?”

“లేదండీ, కానీ...”

“అయితే మీరు మొదలెట్టండి బాబూ, నేను నవ్వేస్తాను.”

నేను “ఒకాయన” అన్నాను. ఆవిడ బల్ల చరిచారు. పదిహేను!

మా అమ్మాయి “హ. హ. హ” అని, “మూడు నవ్వులు నాన్నా. విడివిడిగా రాసుకో” అంది. మా ఆవిడ పళ్లు కనబడేలా పెదాలు విడదీసి, ఒక్క క్షణం అలాగే పట్టి ఉంచి, మూసేసింది. వాళ్ల ఆసుపత్రిలో ఎక్స్‌రేకి అలాగే పెట్టమంటారట. నాలుగు నిమిషాల్లో పళ్లాలు ఖాళీ, కుర్చీలు ఖాళీ. మళ్లీ నేనూ, ఉప్పుడబ్బా.

చార్టు మాత్రం నిండుగా ఉంది. ఆ వారం రెండువందల పదకొండు నవ్వులు నమోదయ్యాయి. అందులో ఒక్కటీ నవ్వు కాదు.

కోర్సు అమ్మాయి దగ్గర మొరపెట్టుకున్నాను.

“మా వాళ్లు మోసం చేస్తున్నారమ్మా!”

“మోసం కాదంకుల్. ఆడేవాళ్లది ఎప్పుడూ తప్పుండదు, ఆటదే తప్పు. మీరు పాయింట్లిచ్చారు, వాళ్లు పాయింట్ల కోసం నవ్వారు. ఇంతకీ ప్లేటెస్ట్ చేశారా?”

“ప్లేట్ల టెస్టేగా? రోజూ కడిగేది నేనే.”

ఆ అమ్మాయి నవ్వలేదు. “వాళ్లు ఆడుతుంటే మీరు పక్కన కూర్చుని చూడాలి. వివరించకూడదు, సాయం చెయ్యకూడదు, సమర్థించుకోకూడదు. ఒక్క మాట కూడా మాట్లాడకూడదు. ఏం జరిగిందో రాసుకోవడం, అంతే.”

“ఎంతసేపు?”

“ఆట అయ్యేదాకా.”

“నాలుగు నిమిషాలేగా” అన్నాను. ఒక్క మాటా మాట్లాడకుండా నాలుగు నిమిషాలు నేను నిద్రలో కూడా ఉండనని మా ఆవిడ సాక్ష్యం చెబుతుంది. అయినా అన్నాను.

మర్నాడు నోటుబుక్కుతో బల్ల దగ్గర కూర్చున్నాను. ఆటలో అరటిపండునై! అత్తగారు బల్ల చరచడానికి చెయ్యెత్తారు. జోకు రాలేదు. ఎత్తిన చేతిని ఏం చెయ్యాలో తెలియక తల గోక్కున్నారు.

“ఏవండీ, ఒంట్లో బాగాలేదా?” అంది మా ఆవిడ.

తల అడ్డంగా ఊపాను.

“నాన్నా, ఉద్యోగం పోయిందా?”

మళ్లీ అడ్డంగా.

“దవడ పట్టేసినట్టుందే. మీ డాక్టరుకి చూపించకూడదుటే?” అన్నారు అత్తగారు.

“ఏదో రాస్తున్నాడు అమ్మమ్మా. వీలునామానేమో!”

“వీలునామా అయితే పంచడానికి ఆ జోకులేగా ఉన్నాయి. అమ్మా, నా వాటా నువ్వే తీసుకో” అంది మా ఆవిడ.

“నాకెందుకే తల్లీ, ఈ వయసులో!” అన్నారు అత్తగారు.

ముగ్గురూ నవ్వారు. నిజంగా! నేను రాసుకున్నాను: ‘రెండో నిమిషం. నవ్వు. నా మీద.’

ఆ తర్వాత మా ఆవిడ మొదలుపెట్టింది. “ఇవాళ మా ఆసుపత్రిలో ఏమైందో తెలుసా? ఒక వ్యాయామం మాస్టారొచ్చారు, రిటైరైన ఆయన. మెళ్లో విజిలు ఇంకా ఉంది. నొప్పి పుడితే చెయ్యెత్తండి అన్నాడు డాక్టరు. సూది చూడగానే ఆయన చెయ్యెత్తలేదు, విజిలేశాడు! బయట కూర్చున్నవాళ్లలో నలుగురు లేచి వరసగా నిలబడిపోయారు. పాత శిష్యులట! అందులో ఒకాయన ఆడిటరు, బట్టతల, సగం చెంప వాచిపోయి ఉంది. ఆయనైతే అటెన్షన్లో ఉండి, ‘సార్, ఇవాళ నాకు పరిగెత్తడం కుదరదు, ఒంట్లో బాలేదు’ అన్నాడు!”

మా అమ్మాయి తాగుతున్న నీళ్లు ముక్కులోంచి వచ్చాయి. అత్తగారు బల్ల చరిచారు. పాయింట్ల కోసం కాదు, పడిపోకుండా పట్టుకోవడం కోసం. మా ఆవిడ లేచి నిలబడి ఆ ఆడిటరు ఎలా నిలబడ్డాడో చేసి చూపించింది.

పాఠకులారా, నా అవస్థ ఆలోచించండి! పీకాల్సింది పన్ను, ఊదింది పీక. లోకం చేత పన్నులు కట్టించే ఆడిటరు పన్ను కోసం క్యూలో నిలబడ్డాడు. ఒక్క కథలో ఇన్ని పన్నులు! అన్నీ కట్టగట్టుకుని నా పీకలదాకా వచ్చాయి. పెన్ను కొరికాను. బల్ల కాలును కాలితో తన్నాను. మింగాను. నా జీవితంలో నేను మింగిన మొదటి చమత్కారం అది. ఉప్పగా ఉంది.

ఆ రాత్రి భోజనం యాభై రెండు నిమిషాలు సాగింది. చార్టు వైపు ఎవరూ చూడలేదు. ఫ్రిజ్ మీద ఫోన్లు మోగాయి, ఎవరూ లేవలేదు. రిమోటు ఎవరిదని ఎవరూ అడగలేదు. మా ఇంట్లో హాస్యరచయిత ఎవరో పెళ్లయిన ఇరవై రెండేళ్లకు నాకు తెలిసింది. మౌనం అర్ధాంగీకారం అంటే ఏమిటో అనుకునేవాణ్ణి. నా మౌనం నా అర్ధాంగికి ఎంత అంగీకారమో కళ్లారా చూశాను!

కోర్సు అమ్మాయికి రిపోర్టు పంపాను. ‘ఆటలో లోపం దొరికింది. లోపమే ఈ రిపోర్టు రాస్తోంది.’ నూటికి తొంభై నాలుగు మార్కులు వేసింది. నా చదువుల చరిత్రలో అదే రికార్డు.

మర్నాడు ఏడున్నరకే మా అమ్మాయి పళ్లాలు సర్దుతోంది.

“నాన్నా, ఇవాళ కూడా ఆట ఆడదామా?”

“ఆడదాం! రూల్సు కొంచెం మార్చాను, నవ్వుకు ఎనిమిది...”

“అది కాదు నాన్నా. నువ్వు మాట్లాడని ఆట.”

వెళ్లి అత్తగారి మంచం పక్కన కూర్చున్నాను. ఆవిడ పండ్లు పేర్చుకుంటున్నారు.

“అత్తయ్యగారూ, ఆ పండ్లలో ఏముందండీ, నాలో లేనిది?”

ఆవిడ తలెత్తలేదు. “పండ్లదేముంది బాబూ. నేను వేలు పెట్టేదాకా ఇది కదలదు. గంటసేపు ఆలోచించినా ‘మీ వంతు, మీ వంతు’ అంటూ ఊరుకుంటుంది. ఈ ఇంట్లో నా వంతుకోసం అట్లా ఆగినవాళ్లు...” అని నాలిక్కరుచుకుని, “మాటవరసకి అన్నాను లెండి” అన్నారు.

ఆరు వారాలు ఫీజు కట్టి చదివాను. గమ్యమన్నారు, రూల్సన్నారు, ఫీడ్‌బ్యాకన్నారు. ఆటన్నాక అవతలివాళ్లకూ ఒక వంతుంటుందని మాత్రం నా నోటుబుక్కులో ఎక్కడా లేదు. ఆ అమ్మాయి చెప్పే ఉంటుంది. ఆ టైములో నేను ఏదో చమత్కారం ఆలోచిస్తూ ఉండి ఉంటాను. ఇన్నేళ్లూ ఫోనే మా వాళ్లను నా నుంచి లాక్కుపోయిందని ఊరంతా చాటాను. అది లాక్కోలేదు. నాలుగు మాటలు చెప్పుకోవడానికి బల్ల దగ్గర సందు దొరక్క, సందు ఉన్న చోటికి వాళ్లే వెళ్లారు.

నేను మాట్లాడని ఆట మొదలై తొమ్మిదో రోజు. మా ఆవిడ “ఇవాళ డాక్టరుగారు నన్ను లోపలికి పిలిచి...” అని మొదలుపెట్టి ఆగింది. అలవాటు! అక్కడ నేను ఒక మాట విసిరేవాణ్ణి, కథ అక్కడే అటకెక్కేది. అందరూ పళ్లాల్లోకి చూస్తూ ఆ మాట కోసం కాచుకున్నారు.

“తర్వాతేమైంది?” అన్నాను.

అత్తగారి చేతిలో చెంచా జారిపోయింది. మా ఆవిడ నావైపు అనుమానంగా చూసింది. అందులో శ్లేష ఎక్కడుందా అని మా అమ్మాయి ఆ మాటను పైకీ కిందికీ పరీక్షించింది. లేదు. ఉత్త ప్రశ్న.

“డాక్టరుగారు కౌంటరంతా నన్నే చూసుకోమన్నారండీ” అంది మా ఆవిడ. “నా కింద ఇద్దరమ్మాయిలు ఉంటారు. నేను చెయ్యగలనా అని అప్పటినుంచీ ఒకటే భయంగా ఉంది.”

అది నవ్వే మాట కాదు. ఎవరూ నవ్వలేదు. ముగ్గురం కుర్చీలు ఆవిడ దగ్గరికి జరుపుకున్నాం.

అందుకే చెబుతున్నాను, ఫోను ఆటలు వరం! మొహమాటం లేకుండా నమ్మండి. కాకపోతే ఒక్కటే చిక్కు. ఇంట్లో రోజుకు సగటున పద్నాలుగు చమత్కారాలు మింగుతున్నాను. అవన్నీ ఎక్కడికి పోవాలి? ఇదిగో, ఇక్కడికే. పత్రికను మించిన సుఖం లేదండీ! ఇక్కడ నన్ను ఆపేవాళ్లు లేరు. మీరు ఏ పేరా దగ్గర లేచి పళ్లెంతో సహా పక్కగదిలోకి వెళ్లిపోయారో నాకు కనబడదు.

దయచేసి చెప్పకండి!