ఓవెన్‌లో మామగారి బండి

ఆ ఉదయం అల్లుడి పథకంలో ఎక్కడా లోపం లేదు. ఇంజన్ కేసింగు ఓవెన్‌లో కాలుతోంది. అందులో కూర్చోవాల్సిన బేరింగు ఫాయిల్ పేపర్ చుట్టుకుని ఫ్రీజర్‌లో వణుకుతోంది. వేడికి కేసింగు సాగుతుంది, చలికి బేరింగు ముడుచుకుంటుంది. సరిగ్గా ఆ క్షణంలో రెండింటినీ కలిపితే సుత్తితో పనిలేదు. సాయంత్రానికి ఇంజన్ బిగించేస్తే మామగారికి అనుమానమే రాదు.

బండి మామగారిది. ఆయన పెళ్లికి ముందునుంచీ ఆయనతోనే ఉన్నది. "ఆయిల్ మార్చి ఇచ్చేస్తాను" అని తెచ్చిన అల్లుడు, చేతుల దురద ఆపుకోలేక చివరి బోల్టు దాకా విప్పేశాడు.

కాలింగ్ బెల్ మోగింది.

భార్య కిటికీలోంచి తొంగిచూసింది. "ఏమండీ, నాన్న!"

"సాయంత్రం కదా వస్తానన్నారు!"

"బండి మీద బెంగ పెట్టుకున్నారేమో!"

హాల్లో పరిచిన ఇంజన్ ముక్కల మీద దుప్పటి పడింది. ఆ హడావిడిలో, ఇంజన్‌లోంచి తీసిన పాత ఆయిల్ డబ్బాకి అల్లుడి కాలు తగిలింది. అతను చూసుకోలేదు.

మామగారు వస్తూనే గాలి పీల్చారు. "ఏదో మాడుతున్నట్టుందే అమ్మాయ్?"

"ఓవెన్‌లో... నీకోసమే నాన్నా" అంది కూతురు. అబద్ధమేం కాదు.

"అయితే తినే వెళ్తాను. ముందు బండి చూపించండి అల్లుడుగారూ!" అంటూ ఆయన రెండడుగులు వేసి, ఆయిల్ మీద జర్రున జారి, సోఫాకి మోకాలు కొట్టుకుని అందులోనే కూలబడ్డారు.

కూతురు ఫ్రీజర్ దగ్గరికి పరిగెత్తింది. చేతికి దొరికిన చల్లటి పొట్లం తెచ్చి తండ్రి మోకాలికి అదిమింది.

అల్లుడు ఆ ఫాయిల్ పొట్లాన్ని గుర్తుపట్టాడు. అది బేరింగు!

అప్పుడే ఓవెన్ టింగుమంది. కేసింగు సిద్ధం. బేరింగేమో మామగారి మోకాలి మీద వెచ్చబడుతోంది.

"మామయ్యగారూ, ఆ పొట్లం ఇలా ఇవ్వండి. ఇంకా చల్లటిది తెస్తాను."

"వద్దు, హాయిగా ఉంది."

"ఒక్క నిమిషం ఇవ్వండి..."

"ఇదే బాగుందంటే వినరేం?" అంటూ మామగారు పొట్లం తడిమారు. మళ్లీ తడిమారు. గుండ్రంగా ఉంది. మధ్యలో చిల్లు. ఫాయిల్ చించారు.

ఆయన చూపు బేరింగు మీదినుంచి దుప్పటి మీదికి, దాని కిందనుంచి తొంగిచూస్తున్న సైలెన్సర్ మీదికి, అక్కణ్ణుంచి వంటింట్లోకి పాకింది.

"అయితే ఆ ఓవెన్‌లో ఉన్నది..."

"మీ బండేనండీ."

మామగారు లేచారు. దెబ్బ పడుతుందనుకుని అల్లుడు కళ్లు మూసుకున్నాడు.

"నిద్రపోతున్నావేంట్రా! బేరింగు వేడెక్కిపోతోంది, కేసింగు బయటికి తియ్!"

'అల్లుడుగారు', 'మీరు' అన్న మర్యాదలు ఎటుపోయాయో తెలియదు. మామగారు కుంటుకుంటూ వంటగట్టు చేరారు. అల్లుడు మందపాటి గ్లౌజులతో కేసింగు దించాడు. ఆయన గురిచూసి బేరింగు వదిలారు.

టక్!

"కూర్చుంది!" ఇద్దరూ ఒకేసారి అరిచారు.

"పెళ్లయిన దగ్గర్నుంచీ దీన్ని విప్పాలని నా కోరిక" అన్నారు మామగారు మెరిసే కళ్లతో. "మీ అత్తయ్య ఒక్క బోల్టు ముట్టుకోనిస్తేగా! నీ చేతుల దురద తెలిసే బండి నీకిచ్చాను. పొద్దున్నే ఎందుకొచ్చాననుకున్నావ్? అంతా నువ్వొక్కడివే బిగించేస్తావేమోనని భయం!"

ఫోన్ మోగింది. అవతల అత్తగారు. "ఏమ్మా, అల్లుడుగారు ఆయిల్ మార్చారా?"

కూతురు నేలవంక చూసింది.

"మార్చారమ్మా. ఇంజన్‌లోంచి హాల్లోకి."