చీఫ్‌గారి మోకాళ్లు

స్కూలు పోలీసుల మీద ఇంకొకరి అజమాయిషీ ఎందుకండీ? నన్నడిగితే అంతకంటే దండగమారి పని మరొకటి లేదు!

మా టెక్సస్ ఊళ్లో బడులకు విడిగా పోలీసులున్నారు. ఊరి పోలీసులు వేరు, వీళ్లు వేరు. ఇద్దరు జవాన్లు, ఒక కుక్క, వాళ్లందరి పైనా చీఫ్ డుయేన్ స్ట్రిక్లర్‌గారు. మరి చీఫ్ పైన ఎవరు? చీఫే! ఎంత పొదుపో చూడండి. ఒకే జీతానికి దొంగా దొరా ఇద్దరూ దొరికారు.

మొన్న వసంతంలో చీఫ్‌గారు కారు వెనక్కి తీస్తూ బస్సుల షెడ్డు తలుపును గుద్దేశారు. వేరే ఊరైతే విచారణ సంఘమనీ, సాక్షులనీ నానా రభస. ఇక్కడ ఆయన తన గది తలుపు వేసుకుని తనను తానే నిలదీసుకున్నారు. విచారణకు తాను పూర్తిగా సహకరించారట. చివరికి తప్పు షెడ్డుదని తేలింది. దారికి అడ్డంగా నిలబడిందట! ఇంత నిష్పక్షపాతంగా విచారించినందుకు తనకు తానే ఒక ప్రశంసాపత్రం కూడా ఇచ్చుకున్నారు.

ఈ పద్ధతి నచ్చి మా ఇంట్లోనూ పెట్టాం. నేను చేసిన ‘పీకన్ పై’ అనే తీపి వంటకం సగం మాయమైతే మా ఆయన రాయ్స్ స్వయంగా దర్యాప్తు చేశాడు, మీసానికి అంటిన పాకమైనా తుడుచుకోకుండా. “ఆధారాలేం దొరకలేదే” అన్నాడు. నా వంటకు నేనే నూటికి నూరు వేసుకున్నాను. ఇల్లు ఎంత ప్రశాంతంగా ఉందనుకున్నారు!

అంతలో మా అమ్మాయి కెన్లీకి చీఫ్‌గారు టికెట్ రాశారు, అదే, తప్పు చేశావని పోలీసులిచ్చే చీటీ.

హోమ్‌కమింగ్ అని, పాత విద్యార్థులంతా తిరిగొచ్చే ఫుట్‌బాల్ ఆట రోజున మా ఆడపిల్లలు గుండెల మీద గుడ్డపువ్వు తగిలించుకుని బడికెళ్తారు. పువ్వనడమే గానీ మోకాళ్ల దాకా రిబ్బన్లూ, బొమ్మలూ, గంటలూ! కెన్లీ పువ్వును మా అత్తగారు వర్నెల్ గ్యారేజీలో కూర్చుని, వేడి జిగురుతో వేళ్లు కాల్చుకుంటూ చేసింది. అందరూ చిట్టి గంటలు కడతారు. మా అత్తగారు ఏకంగా తన పాత ఆవు మెడలోని గంటే కట్టింది.

“బడిలో ఇదే ఆఖరేడు కదే పిల్లకి. వినపడొద్దూ?” అంది.

వినపడింది. శాంతిభంగం అన్నారు చీఫ్‌గారు.

ఆ టికెట్ ఉన్నంతకాలం కెన్లీ బ్యాండులో తాళాలు వాయించకూడదు. సీజను చివరి ఆటకు ఆఖరేడు పిల్లలను తల్లిదండ్రులు చెయ్యి పట్టుకుని మైదానంలోకి నడిపిస్తారు. ఆ నడకా లేదు. నాలుగేళ్లుగా ఆ తాళాల మోతకు మా కుక్క మంచం కింద కాపురముంది. పిల్ల ఇప్పుడు బాత్రూంలో కుళాయి విప్పుకుని ఏడుస్తోంది.

ఊళ్లో బడులన్నిటికీ పెద్ద, సూపరింటెండెంట్‌గారి దగ్గరికెళ్లాను.

“ఎవరి మీదమ్మా ఫిర్యాదు?”

“చీఫ్‌గారి మీదండీ.”

“అయితే చీఫ్‌గారికే ఇవ్వాలి. ఆయన చాలా శ్రద్ధగా వింటారు.”

చూశారా, ఎంత దగ్గరిదారో! అయినా బుద్ధి గడ్డి తిని స్కూలు బోర్డు మీటింగుకు వెళ్లాను. అక్కడ ఎవరైనా మూడు నిమిషాలు మాట్లాడవచ్చు. బోర్డువారు బదులు చెప్పరు. సంతలో కోడిపెట్టల్లా తల ఒక పక్కకు వాల్చి చూస్తారు. సమయం కాగానే ఇత్తడి గంట కొడతారు. కొట్టేదెవరనుకున్నారు? చీఫ్‌గారే!

“ఈ చీఫ్‌గారి పైన ఎవరో ఒకరు...” అంటున్నానో లేదో, టంగ్!

వెనక వరసలో మా అత్తగారు లేచింది. చిన్నప్పుడు ఆదివారం చర్చిబడిలో చీఫ్‌గారి చెవి మెలిపెట్టింది ఈవిడే.

“ఒరేయ్ డుయేన్! ఏంట్రా ఆ చప్పుడు?”

“గంటండీ, మిస్ వర్నెల్.”

“ఎక్కడ మోగిందిరా?”

“ఇక్కడేనండీ.”

“ఇది బడి కాదూ? నా మనవరాలి గంట ఎవరి మాటకైనా అడ్డమొచ్చిందా? నీది నా కోడలి నోరు మూయించిందిరా! తియ్యి టికెట్ పుస్తకం, నీకు నువ్వే రాసుకో. పేరు అడగక్కర్లేదుగా!”

హాలంతా పగలబడి నవ్వింది. చీఫ్‌గారి ముఖం బీట్‌రూట్ అయింది. “విచారిస్తానండీ” అన్నారు.

మాట తప్పే మనిషి కాదు. మర్నాడే విచారించుకుని, తనను నిర్దోషిగా తేల్చుకుని, బడి తలుపు మీద అంటించారు: “స్కూలు ఆవరణలో గంట మోగడం నేరం కాదు.”

మా అత్తగారు ఆ కాగితం పీకి తెచ్చి ఆయన బల్ల మీదే పెట్టింది. కెన్లీ టికెట్ రద్దయింది. పిల్ల మా ఇద్దరి చేతులూ పట్టుకుని మైదానంలో నడిచింది. ఆ తరవాత వాయించిన తాళాల దెబ్బకు స్టేడియంలో పసిపిల్లలందరూ ఒకేసారి లేచారు.

ఇంత చక్కని న్యాయం ఉండగా అజమాయిషీ ఎందుకు చెప్పండి? మీ పిల్లకు టికెట్ రాశారా? బెంగపడకండి. అదే తప్పు చీఫ్‌గారు చేసేదాకా ఓపిక పట్టండి, చాలు!

అయితే మా పక్కింటి మార్లాకు మాత్రం నిద్ర పట్టడం లేదు. బస్సు వెళ్లిపోతోందని వాళ్లమ్మాయి బడి కంచె దూకింది. టికెట్ పడింది. ఆ కంచె మనిషెత్తు. చీఫ్‌గారికా అరవై దగ్గరపడ్డాయి, మెట్లెక్కినా మోకాళ్లు పట్టేస్తాయి.

అందుకే ప్రతి ఆదివారం చర్చిలో ఊరంతా మోకరిల్లి, చీఫ్‌గారి మోకాళ్ల కోసం ప్రార్థన చేస్తున్నాం.