పెద్దదాన్ని నాలుగు ముక్కలు

"శవాన్ని యాడ పూడ్చినావో చెప్పు. మడంతా తవ్వే పని తప్పుతాది."

గ్రామ మునసబు నరసింహులు మూడోసారి అడిగాడు. చావడి స్తంభానికి కట్టేసి ఉన్న రామసుబ్బయ్య చూపు మాత్రం ఎదురుగా కనిపిస్తున్న తన బావి కింద మడి మీదే ఉంది. పదిమంది పారలతో దాన్ని తవ్విపోస్తున్నారు. గట్టు మీద భార్య గోవిందమ్మ "అమ్మా!" అని గుండెలు బాదుకుంటోంది. తెల్లవారుజామున నాటిన ఉర్లగడ్డ (బంగాళాదుంప) విత్తనం ముక్కలు ఎండలో పడి ఉన్నాయి. యుద్ధం ముగిసినా గింజ దొరకని ఏడు అది. వానలు లేక మెట్టచేలు బీడుపడ్డాయి. వేసవిలో ఆ ఇంటి కడుపులకు ఈ మడి తప్ప దిక్కులేదు.

జరిగింది ఇంతే. కొత్తగా తవ్విన ఉర్లగడ్డ రెండు నెలలు నిద్రపోతుందనీ, తానిచ్చే హార్మోను మందు నీళ్ళలో ముంచితే వారంలో కళ్ళు తెరిచి మొలకెత్తి రెట్టింపు కాపు కాస్తుందనీ, గిద్దలూరు నుంచి వచ్చిన వ్యవసాయ శాఖ కరుణాకరం చెప్పాడు. "తినేవాటిని మందులో ముంచుతారా!" అని నిన్న అత్త రాఘవమ్మ అల్లుడితో పోట్లాడింది. ఈ రోజు పొద్దు పొడవకముందే రామసుబ్బయ్య పెరటిగోడ పక్కన నిలబడి, సాయానికి వచ్చిన కాశయ్యతో ఇలా అన్నాడు:

"మందు బాగా పట్టింది బావా. గోనెలో చుట్టి పండబెట్టినా. ఇంగ ఆలస్యం చేస్తే కుళ్ళి కంపు కొడతాది. పెద్దదాన్ని నాలుగు ముక్కలు కోసి పూడ్చేద్దాం పా."

ఆ మాటలు గోడవతల ఎవరి చెవినో పడ్డాయి. అదే పూట రాఘవమ్మ మంచం ఖాళీగా కనబడింది.

"అయ్యో మామా, నేను మందు పెట్టింది గడ్డకు!"

మునసబు ఎగిరి కూర్చున్నాడు. "ఒప్పుకున్నాడు! రాఘవమ్మ మెడ మీద గడ్డుందని ఊరంతా ఎరిగిందే."

"ఆ గడ్డ కాదు, మట్టిలో గడ్డ!"

"మట్టిలోనే పెట్టినావా మనిషిని? ఇంగా లోతుగా తవ్వండ్రా! కాశయ్యా, నువ్వన్నా నిజం చెప్పు. కోసినారా?"

"కోసినాం మామా. కత్తి నాదే."

"ఎట్ల కోసినారు?"

"ముక్కకొక కన్నుండేటట్టు."

నరసింహులు తలపాగా తీసి మొహం తుడుచుకున్నాడు. కాశయ్యను స్తంభానికి రెండో పక్క కట్టించాడు.

మిట్టమధ్యాహ్నానికి మడి నడుములోతు గుంట అయింది. అప్పుడు రాఘవమ్మ చంకలో మూటతో చావడి ముందుకు వచ్చింది.

"ఏంది, అల్లుడిని కట్టేసినారు?"

"నువ్వు సావలేదా?"

"నీ నోట్లో మన్ను పడ! అలిగి బేస్తవారిపేటలో మా తమ్ముని ఇంటికి పోతి. కోపం తగ్గింది, వస్తి."

పారలు ఆగిపోయాయి. కట్లు విప్పగానే రామసుబ్బయ్య మడి దగ్గరికి పరుగెత్తి ఒక ముక్క చేతిలోకి తీసుకున్నాడు. కన్ను వాడి నల్లబడింది. ఇంకొకటి తీశాడు, అదీ అంతే. మిగిలినవి కాళ్ళ కింద నలిగిపోయాయి.

"నా మడి పాయె మామా," అన్నాడు, వెనకే వచ్చిన మునసబుతో. "నామీద చెప్పిందెవరు?"

"పేరు బయటపెట్టనని మాటిచ్చినా."

"మామా!"

నరసింహులు గట్టు వైపు గడ్డం ఎత్తి చూపించాడు.

"నీ పెండ్లామే, అబ్బీ. గోవిందమ్మ. గోడవతల నీ మాటలు విని నా కాడికి పరుగెత్తుకొచ్చె."

నేరం మోపింది ఒకరే; ఆ ఎండాకాలం శిక్ష మాత్రం ఇంట్లో అందరికీ పడింది.