ఇసుక పరుగు హక్కులు

ఒక పెద్ద అడవిలో, మన ఊళ్ళలోలాగే, కాలు కదిపే ఓపిక ఎవరికీ లేకుండా పోయింది. ఏ వింత జరిగినా అది గుమ్మం ముందుకే రావాలి. అలా తెచ్చిపెట్టడం కాకి కాశీపతి వ్యాపారం. అడవి ఈ కొస నుంచి ఆ కొస దాకా చెట్టుకో కాకిని కూర్చోబెట్టాడు. వాగు దగ్గర జరిగినదాన్ని మొదటి కాకి అరిస్తే రెండోది అందుకునేది, రెండోది అరిస్తే మూడోది. ఆఖరి కాకి మీ బొరియ ముందు వాలి మీకు చెప్పేది. నెలకిన్ని గింజలు పోస్తే సరి.

కుందేలు కుసుమాంబ బొరియ ముందూ ఒక కాకి ఉండేది. ఆవిడ వెనక కాలు వయసులో ఉన్నప్పుడే ఉచ్చులో పడి వంకర తిరిగింది. అప్పట్నుంచీ ఆవిడకు లోకమంతా ఆ కాకే. మొసలి కన్నీటి సీరియల్ వినేది. బల్లి చెప్పే జోస్యం వినేది. ఏటా వాగు ఎండినప్పుడు జరిగే ఇసుక పరుగు కూడా అలాగే వినేది. కాకి గొంతు ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. అలవాటు పడ్డాక అదే సంగీతం.

ఆ ఏడు సంగతి వేరు. ఆవిడ ఒక్కగానొక్క కొడుకు కొండలు మొదటిసారి ఇసుక పరుగులో దిగుతున్నాడు. తండ్రి లేని పిల్లాడు, ఆవిడ రెక్కల కష్టం మీద పెరిగినవాడు. వాడు నలుగురిలో పరిగెత్తడం తను చూడాలి. ఆవిడకున్న కోరిక ఆ ఒక్కటే.

సరిగ్గా అప్పుడే కోతి కోదండం వ్యాపారంలోకి దిగాడు.

"అక్కయ్యా, ఇంకా ఆ కాకి గోలేనా?" అంటూ వచ్చి గుమ్మంలో కూర్చున్నాడు. "మేం చెప్పేవాళ్ళం కాదు, చూపించేవాళ్ళం. అక్కడ జింక గెంతితే ఇక్కడ మావాడు గెంతుతాడు. మీ అబ్బాయి చెవులు ఎలా వెనక్కి పెట్టాడో అచ్చం అలాగే పెట్టి చూపిస్తాడు. మొదటి నెల ఊరికే."

కొడుకు చెవుల మాట వినేసరికి కుసుమాంబ మనసు కరిగిపోయింది. ఆ కబురు ఎలా చేరిందో, కాశీపతి రొప్పుకుంటూ వచ్చి వాలాడు.

"పిన్నిగారూ, ఇన్నేళ్ళ నమ్మకం మనది. మీకని కప్పల భజన కూడా కలిపి ఇస్తున్నాను. రేయింబవళ్ళు వస్తుంది."

"నాకు కప్పల భజన ఎందుకయ్యా?"

"అది ప్యాకేజీ పిన్నిగారూ. వద్దన్నా వస్తుంది."

పోన్లే, ఇద్దరూ పోటీ పడితే మనకే లాభం అనుకుంది కుసుమాంబ. అడవిలో అందరూ అలాగే అనుకున్నారు. అమాయకులు.

ఇసుక పరుగు కమిటీకి అధ్యక్షుడు నక్క నాగభూషణం. అన్నాళ్ళూ ఆయనకున్న పనల్లా పందెం రోజున మెడలో దండ వేయించుకోవడమే. ఇద్దరు వ్యాపారులు ఒకరినొకరు పీక్కుతినేలా ఉన్నారని తెలియగానే ఆయనకు కొత్త ఆలోచన వచ్చింది.

"పరుగు మా కమిటీది. దాన్ని ఇళ్ళకు చేర్చే హక్కు ఎవరికి కావాలో పాడుకోండి," అని వేలం పెట్టాడు.

కాశీపతి ఒక మేడిచెట్టు అన్నాడు. కోదండం మామిడితోపు అన్నాడు. ఆ తోపు కోదండానిది కాదు, కానీ వేలంపాటలో అవన్నీ ఎవరు చూస్తారు? కాశీపతి తేనెపట్టులతో సహా కొండవాలంతా రాసిస్తానన్నాడు. చివరికి నాగభూషణం ఇద్దరి భుజాల మీదా చేతులు వేశాడు.

"కొట్టుకోకండి నాయనా. పరుగు మొదలు కాశీపతిది, ముగింపు కోదండానిది. ఇంకో మాట. ఎవరు గెలిచారో పరిగెత్తినవాళ్ళు సైతం నోరు విప్పి చెప్పకూడదు. వాళ్ళే చెప్పేస్తే మీ సరుకు ఎవరు కొంటారు? అలా చెబితే మీరిచ్చినదంతా వెనక్కి ఇచ్చేస్తాను. ఒప్పందంలో పెట్టించాను."

"ఎంత దూరదృష్టి," అని ఇద్దరూ ఆయన కాళ్ళకు దండం పెట్టి వెళ్ళారు.

ఇక కుసుమాంబకు కాకీ కావాలి, కోతీ కావాలి. కొడుకు బయల్దేరడం విని చేరడం చూడకపోతే ఎలా? మొదటి నెల ఊరికే అన్న మాట వేలంతోనే ఎగిరిపోయింది కాబట్టి, వానాకాలానికని దాచుకున్న దుంపలన్నీ తీసి కోదండం ఒళ్ళో పోసింది. వాడి ప్యాకేజీతో ఊసరవెల్లి రాజకీయ చర్చ వచ్చింది. ఇటు కప్పల భజన, అటు ఊసరవెల్లి చర్చ, మధ్యలో కూర్చుని కొండలు గరిక నమిలేవాడు.

"అమ్మా, ఇదంతా ఎందుకే? ఇక్కడే ఇంటి ముందు పరిగెత్తి చూపిస్తా కదా."

"ఇంటి ముందు పరిగెత్తడం వేరు, నలుగురిలో పరిగెత్తడం వేరురా. మాట్లాడకుండా తిను," అంది కుసుమాంబ.

పందెం రోజు తెల్లవారుతూనే కొడుకు నుదుటిన మట్టిబొట్టు పెట్టి పంపించి, ఆవిడ బొరియ ముందు కూర్చుంది. కాకి ఉంది. కోతి ఉంది. ఇద్దరూ ఎటో చూస్తున్నారు.

"ఏమయ్యా, ఇంకా మొదలుపెట్టవేం?"

కాకి గొంతు సవరించుకుంది. "అంతరాయానికి చింతిస్తున్నాం పిన్నిగారూ. వాగులో పెద్ద వంపు ఉంది చూశారూ, ఆ వంపు ఎవరికీ అమ్మలేదని నక్కగారికి ఇవాళ పొద్దున గుర్తొచ్చింది. మాకే కావాలని మావాళ్ళు, మాకే కావాలని వాళ్ళు. అది తేలేదాకా రెండువైపులా బంద్. దయచేసి అందరూ నక్కగారిని తిట్టండి."

"నక్కగారిని కాదు, కాకుల్ని తిట్టండి," అంది కోతి.

"నా గింజలు తిన్నారా లేదా మీరు?"

"తిన్నాం పిన్నిగారూ. అవి కప్పల భజనకు చెల్లు."

కుసుమాంబకు ముందు ఏడుపొచ్చింది. అక్కడ పిల్లాడు ఒంటరిగా గీత మీద నిలబడి ఉంటాడు, ఇక్కడ ఈ తిండిపోతుల మొహాలు చూస్తూ తను కూర్చుంది. తర్వాత కోపం వచ్చింది. ఆ కోపంలోనే లేచి, కుంటికాలు ఈడ్చుకుంటూ బయల్దేరింది. వాగు ఎంతో దూరమని ఇన్నేళ్ళూ అనుకుంది. తీరా నడిస్తే ఎండ ముదరకముందే చేరిపోయింది.

గట్టు మీద పురుగు లేదు. అడవి అడవంతా తమ తమ కాకుల ముందు, కోతుల ముందు నోళ్ళు తెరుచుకుని కూర్చుంది. మిగిలిన కాకులూ కోతులూ నక్క గుహ చుట్టూ చేరి ఆ వంపు కోసం జుట్టు జుట్టు పట్టుకుంటున్నాయి. నాగభూషణం మధ్యలో నిలబడి ధర పెంచుతున్నాడు. పందేనికి న్యాయనిర్ణేత కొంగ. వేళ కాగానే ఒక కేక వేసి పందెం మొదలుపెట్టి, ఒంటికాలి మీద కళ్ళు మూసుకుని జపంలోకి వెళ్ళిపోయాడు.

ఇసుక లేచింది. కుసుమాంబ కొడుకును చూసింది. చెవులు వెనక్కి పెట్టాడు, అచ్చం వాళ్ళ నాన్నలాగే. ఆ చెవులు ఏ కోతికీ రావని ఆవిడకు అప్పుడు తెలిసింది.

పెద్ద వంపు దగ్గర కొండలు బోర్లా పడ్డాడు. ముక్కునిండా ఇసుక.

"లేరా నాన్నా, లే," అంటూ కుసుమాంబ గట్టు వెంట కుంటుకుంటూ పరిగెత్తింది.

తల్లి గొంతు విని వాడు బిత్తరపోయి చూశాడు. లేచాడు. తుమ్మి, దులుపుకుని, మళ్ళీ పరుగందుకున్నాడు. చివరి గీత దాటి నేరుగా వచ్చి తల్లి ఒళ్ళో పడ్డాడు. ఆవిడ వాడి ముక్కు తుడుస్తూ చాలాసేపు ఏడ్చింది.

అప్పటికి నక్క గుహ దగ్గర బేరం తెగింది. వంపు తలా సగం. నాగభూషణం, కాశీపతి, కోదండం ముగ్గురూ నవ్వుకుంటూ వాగు దగ్గరికి వచ్చేసరికి అక్కడ పరుగు లేదు, ఇసుకలో అడుగులు మాత్రం ఉన్నాయి.

"అయిపోయిందా? ఎవరు గెలిచారు?" అని కొంగను అడిగాడు నాగభూషణం.

"నేను ధ్యానంలో ఉన్నాను. ఈ ఐహిక విషయాలు నాకెందుకు?" అన్నాడు కొంగ, కన్ను తెరవకుండానే.

ఒక జింక పిల్ల ముందుకొచ్చి ఏదో చెప్పబోయింది. నాగభూషణం గబుక్కున దాని నోరు మూశాడు. "తల్లీ, నువ్వు చెప్పావంటే తిన్న మేడిచెట్టు, తోపు, తేనె అంతా కక్కాలి నేను."

జింక పిల్ల కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుని వెనక్కి తగ్గింది.

ఈలోగా అడవిలోంచి కేకలు మొదలయ్యాయి. ఎవరు గెలిచారో చెబుతారా, ఈకలు పీకమంటారా అని కొందరు కర్రలు కూడా తీస్తున్నారట. ముగ్గురూ బిక్కమొహాలు వేసుకుని గట్టు మీద ఉన్న ఒకే ఒక్క ప్రేక్షకురాలి చుట్టూ చేరారు.

"పిన్నిగారూ," అన్నాడు కాశీపతి.

"అక్కయ్యా," అన్నాడు కోదండం.

"అమ్మా కుసుమాంబా, మా పరువు నీ చేతిలో ఉంది. ముందు ఎవరు వచ్చారు?" అన్నాడు నాగభూషణం.

"నాకేం తెలుసు నాయనా? నేను మావాణ్ణి చూస్తున్నాను."

"మరి తక్కినవాళ్ళు?"

"తక్కినవాళ్ళు కూడా పరిగెత్తారా?" అని కుసుమాంబ నిజంగానే ఆశ్చర్యపోయింది. "మావాడు మాత్రం చాలా బాగా పరిగెత్తాడు."

"అమ్మా, నేను అందరికన్నా ఆఖర్న..." అని కొండలు మొదలుపెట్టాడు.

"పెద్దవాళ్ళు మాట్లాడుతుంటే అడ్డు రాకూడదు. పైగా పరిగెత్తినవాళ్ళు చెప్పకూడదు కదరా, ఒప్పందం," అంది తల్లి.

నాగభూషణానికి ప్రాణం లేచివచ్చింది. సాక్ష్యం ఒక్కటే ఉంది, అందులో పేరు ఒక్కటే ఉంది. తన మెడలో వేయించుకోవాలని తెచ్చుకున్న దండ తీసి కొండలు మెడలో వేశాడు. కాకులు ఆ మాట చెట్టు నుంచి చెట్టుకు అరిచాయి. కోతులు చూడని పరుగును చూసినట్టే ఇంటింటా గెంతి చూపించాయి, మధ్యలో బోర్లా పడటం మాత్రం ఎవరూ చూపించలేదు.

మరుసటి ఏడు కాకికి గింజ రాలలేదు, కోతికి దుంప పుట్టలేదు. పందెం రోజున వాగు గట్టు మీద కాలు పెట్టడానికి చోటు లేదు. వచ్చినవాళ్ళందరూ తల్లులే, అందరికన్నా ముందు జింక తల్లి. ఆ ఏడు ఇసుక పరుగులో పాల్గొన్న ప్రతి ఒక్కరూ మొదటివాళ్ళే అయ్యారు. దండలు చాలక నాగభూషణం రోజంతా పూలు కోస్తూనే ఉన్నాడు.

నీతి: పందెం గెలవడానికి కాళ్ళలో సత్తువ అక్కర్లేదు, గట్టు మీద కన్నతల్లి ఉంటే చాలు.