మాణిక్యాంబగారి ముందస్తు జవాబులు

కాకినాడలో ఉద్యోగం నుంచి దిగిపోయిన పెద్దవాళ్లు పొద్దున అన్న మాట మధ్యాహ్నానికి గానీ వినిపించదు. ఇందులో వింతేమీ లేదు. కుళాయి తిప్పగానే నీళ్లొస్తున్నాయా ఏమిటి? మాట వచ్చేదాకా ఎదురుగా కూర్చునే తీరిక ఇళ్లల్లో ఎవరికీ లేకపోయేసరికి, ప్రభుత్వమే వయోవృద్ధుల సంరక్షణ శాఖ అని ఒకటి పెట్టి, కూర్చోడానికి మనుషుల్ని తీసుకుంది.

అలా చేరిన పిల్లే దీవెన. అంతకుముందు బట్టలకొట్లో రోజంతా నిలబడి కాళ్లు వాచిపోయాయేమో, కూర్చునే ఉద్యోగం అనగానే ఎగిరి గంతేసింది. రామారావుపేటలో ఒంటరిగా ఉంటున్న మాణిక్యాంబగారి ఇంట్లో వేశారు. ఆవిడ ఒకప్పుడు ట్రంకు కాల్స్ కలిపే ఆపరేటరు. పక్కింటావిడ మాత్రం, "ఆవిడ మాట్లాడరమ్మా, వంట చేసేసి పో" అంది.

మొదటిరోజు దీవెన ఉప్మా పెట్టి, "ఎలా ఉంది మామ్మగారూ?" అని అడిగింది. పెదాలు కదిలాయి, చప్పుడు లేదు. మధ్యాహ్నం పప్పు వడ్డిస్తుంటే ఖంగుమంది గొంతు: "ఉప్పు లేదే పిల్లా!" దీవెన కంగారుపడి పప్పులో గరిటెడు ఉప్పు పోసింది. ఆ పప్పు తిని మాణిక్యాంబగారు ఏమన్నారో సాయంత్రం వీధి వీధంతా వింది. డ్యూటీ అయిపోయినా దీవెన కదల్లేదు. పడీ పడీ నవ్వుతూ తిట్లన్నీ విని, అప్పుడు ఇంటికెళ్లింది. ఆ రోజు నుంచి ఇద్దరికీ కుదిరిపోయింది.

అయితే ఉద్యోగం ఖాయం కావాలంటే పర్యవేక్షణాధికారి వచ్చి పెద్దావిడని మూడు ప్రశ్నలు అడగాలి. ఆయన పేరు వరదరాజులు, ఈ నెలాఖరుకి రిటైరవుతున్నారు. ఏ ఇంట్లోనైనా కాఫీ తాగినంతసేపే ఉంటారు. ఆలోగా జవాబు వినపడలేదా, దీవెన ఇంటికి, మాణిక్యాంబగారు ఊరి చివర నిశ్శబ్ద నిలయానికి. దీవెనకి ముందు వచ్చిన అమ్మాయిలు ఇలాగే పోయారు. నిలయంలో మంచం ఖాళీ లేక పెద్దావిడ మాత్రం ఆగారు. మొన్ననే ఒక మంచం ఖాళీ అయింది.

"ఇదేం అన్యాయం మామ్మగారూ!" అని దీవెన పొద్దున్నే భోరుమంది. జవాబు మధ్యాహ్నం వచ్చింది. "ఏడవకు. ఆఫీసరన్నవాడు ఏం అడుగుతాడో నాకు తెలీదూ? అడక్కముందే చెప్పేస్తాను."

తనిఖీ రోజు మాణిక్యాంబగారు తెల్లారగానే తలంటుకుని, జరీచీర కట్టుకుని, ఎదుటి ఖాళీ కుర్చీతో మాట్లాడటం మొదలెట్టారు. మధ్యమధ్య ఆగుతారు, మళ్లీ అందుకుంటారు. దీవెనకి ఒక్క ముక్క వినపడితే ఒట్టు. పైగా చెప్పిన టైముకి ఆఫీసరు రాలేదు. ఇంకేముంది, జవాబులన్నీ గోడల పాలవుతాయని దీవెన వీధిలోకీ ఇంట్లోకీ తిరిగింది.

చివరికి జీపు ఆగింది. వరదరాజులు లోపల అడుగు పెట్టారో లేదో గొంతు మోగింది: "ఆలస్యంగానే వస్తారనుకున్నాను. కూర్చోండి."

ఆయన కూర్చున్నారు. కాఫీ అందుకుని, "తిండి వేళకి పెడుతోందా?" అన్నారు.

"పెడుతోంది. ఇప్పుడు ఉప్పు కూడా సరిగ్గా వేస్తోంది."

"తిట్టడం, విసుక్కోవడం ఏమైనా..."

"ఆ పని నాది."

ఆయన కాఫీ ఒక గుక్క తాగారు. సరిగ్గా ఆ గుక్కంతసేపు గొంతు కూడా ఆగింది.

"మరి ఈ అమ్మాయిని..."

"ఉంచాలి. సంతకం పెట్టండి. పెన్ను మర్చిపోయి ఉంటారు. దీవెనా, అలమరలో ఉంది, ఇవ్వు."

నిజంగానే పెన్ను లేదు! కిటికీ దగ్గర పక్కింటావిడ చప్పట్లు కొట్టింది. వరదరాజులు సంతకం పెట్టారు. దీవెన పట్టలేని సంతోషంతో మామ్మగారిని కావలించుకుని బుగ్గమీద ముద్దు పెట్టింది. ఆవిడ ఏదో అన్నారు, అది సాయంత్రానికి.

వరదరాజులు లేచి దీవెనతో ఏదో చెప్పబోయారు. పెదాలు కదిలాయి. చప్పుడు లేదు. గొంతు సవరించుకుని మళ్లీ చెప్పారు. ఊహూ. నెలాఖరు ఆ రోజే. ఆ సంతకంతో ఆయన ఉద్యోగమూ అయిపోయింది.

డ్రైవరు గుమ్మంలోంచి తొంగిచూసి, "సారేమీ అన్లేదుగా? నేను వెళ్లాలి, కొత్త సారుకి బండి పెట్టాలి" అని జీపు తీసుకుని వెళ్లిపోయాడు. వరదరాజులు చేతిలో పెన్నుతో అలాగే నిలబడ్డారు.

దీవెన ఆయన కుర్చీ దగ్గరికి జరిపి, ఎదురుగా తనూ కూర్చుంది. "కంగారుపడకండి సార్. సాయంత్రానికి వినపడుతుంది. నేనుంటాను."

అప్పుడే గదిలో మాణిక్యాంబగారి పొద్దుటి గొంతు మోగింది.

"దీవెనా, ఆయనకీ ఓ గుప్పెడు బియ్యం పొయ్యి."