అడవి బస్సుకు రీమ్యాపింగ్

ఒక పెద్ద అడవిలో అన్నీ సమృద్ధిగా ఉండేవి, సిగ్గు తప్ప. సమితి ఉండేది, సమితికో ఆఫీసు, ఆఫీసుకో కుర్చీ. ఆ కుర్చీలో ఘుర్ఘురావు అనే అడవిపంది కునుకు తీస్తూ ఉండేవాడు. అడవి మొత్తానికీ ఉన్న ఒకే ఒక్క బస్సుకు ఆయనే డిపో మేనేజరు.

ఎండాకాలం వస్తే కొండమీద చెలమలు ఎండిపోతాయి. నడవలేని ముసలీముతకా పొద్దున్నే ఆ బస్సెక్కి ఏటికి దిగి, నీళ్లు తాగి, సాయంత్రం మళ్లీ కొండెక్కేవి. నిండా ఎక్కిస్తే బస్సు మూలిగేది గానీ, ఏనాడూ ఎవర్నీ మధ్యదారిలో దింపలేదు. ఘుర్ఘురావు మాత్రం దాని బానెట్ ఎత్తి చూసిన పాపాన పోలేదు.

ఒకనాడు మృగరాజు గారు పిలిపించారు.

"ఏమయ్యా, నీ బస్సు తాగేది ఏనుగంత, ఎక్కేది నత్తలాగా! పక్క అడవి పులి నన్ను చూసి నవ్వుతోంది. డీజిలు తగ్గాలి, బలం పెరగాలి. చేతకాదంటే చెప్పు, కుర్చీ దుమ్ములగొండికి ఇచ్చేస్తా."

దుమ్ములగొండి అక్కడే నిలబడి పళ్లికిలించింది. ఆ పొద్దున్నే అది డిపోకొచ్చి కుర్చీలో కూర్చుని, సరిపోతుందో లేదో చూసుకుని మరీ వెళ్లింది. కుర్చీ పోతే ఘుర్ఘురావు మళ్లీ ముట్టెతో దుంపలు తవ్వుకుని బతకాలి. ఆ తవ్వడం ఎలాగో కూడా మర్చిపోయాడు పాపం!

అవ్వా కావాలి, బువ్వా కావాలి అనేవాడుంటే, రెండూ ఇప్పిస్తాననేవాడు ఎక్కడో పుట్టే ఉంటాడు. పుట్టాడు. పేరు రంగనాథం, జాతి ఊసరవెల్లి. ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని మర్నాడే డిపోలో దిగాడు.

"ఇంజనుకో చిన్న కంప్యూటర్ ఉంటుంది సార్. ఎప్పుడెంత డీజిలు పొయ్యాలో అదే చెబుతుంది. కంపెనీవాడు పిరికివాడు, సగం బలం తాళం వేసి దాచేస్తాడు. నేను ఆ లెక్కలు మార్చేస్తా. దీన్నే రీమ్యాపింగ్ అంటారు. పవరూ పెరుగుతుంది, మైలేజీ కూడా పెరుగుతుంది."

"బలం పెరిగితే ఎక్కువ తాగదుటయ్యా?"

"అయ్యో సార్, తమలాంటి పెద్దలు కూడా పాతకాలపు మాటలంటే ఎలా?" అంటూ రంగనాథం మెల్లగా పంది రంగులోకి మారాడు.

మన రంగువాణ్ణి మనం నమ్మకపోతే ఇంకెవరు నమ్ముతారు అనుకున్నాడు ఘుర్ఘురావు.

రీమ్యాపింగ్ జరిగింది. ఇక పరీక్షలు. ముందు పవర్ పరీక్ష. ఖాళీ బస్సును ఏటి దగ్గర్నుంచి కొండకు వదిలారు. డ్రైవరు బొచ్చయ్య ఎలుగుబంటి. తొక్కాడో లేదో బస్సు ఎగిరి దూకింది. వెనక కాటుకలాంటి పొగ. చెట్లమీది కోతులు దగ్గుతూనే చప్పట్లు కొట్టాయి.

"అబ్బబ్బ, ఏం లాగుతోంది సార్! కాలు తియ్యబుద్ధి కావట్లా!" అన్నాడు బొచ్చయ్య.

కాలు మెత్తగా పెడితే నాలుగు చుక్కలు మిగిలేవేమో. కానీ బలం చేతికొచ్చాక మెత్తగా తొక్కే కాలు ఆ అడవిలో ఇంకా పుట్టలేదు. ఎంత తాగిందో ఎవరూ చూడలేదు. అది పవర్ పరీక్ష కదా మరి!

తర్వాత మైలేజీ పరీక్ష. ఇది కొండమీంచి ఏటికి. ఘుర్ఘురావు డ్రైవరు చెవి దగ్గరికి వంగాడు. "న్యూట్రల్లో పెట్టి వదిలెయ్‌రా." బస్సు దొర్లుకుంటూ వచ్చింది. డీజిలు ముల్లు ఉన్నచోటే ఉంది. సమితి సభ్యులు ఒకర్నొకరు కౌగిలించుకున్నారు.

మోకాళ్లు అరిగిన ముసలి దుప్పి చుక్కమ్మ రోజూ ఆ బస్సులోనే ఏటికి పోయేది. ఆమె మెడ చాచింది. "నాయనా, డీజిలేదో ఎక్కేటప్పుడు కూడా చూడొచ్చుగా?"

"రెండు పరీక్షలూ ఒకేసారి పెట్టకూడదమ్మా. రూల్సు ఒప్పుకోవు."

"మేం ఎక్కడమూ దిగడమూ రెండూ చేస్తాం కదయ్యా!"

"నొప్పులన్నీ మోకాళ్లకేనా, నోటికేం లేవా? వెళ్లమ్మా, వెళ్లు!" అని కసిరాడు ఘుర్ఘురావు. ఆమె అడిగింది నిజమేనని ఆయనకు తెలుసు. ఒప్పుకుంటే కుర్చీ పోతుందనీ తెలుసు.

ప్రారంభోత్సవం నాడు బస్సును పూలతో ముంచేశారు. మృగరాజు గారు ముందు సీట్లో కూర్చున్నారు. వెనక సమితి, సమితి బంధువులు, మెట్లమీద వేలాడుతూ ముసలీముతకా. ఏటి దగ్గర బయల్దేరింది బస్సు. బొచ్చయ్య తొక్కుడే తొక్కుడు. సగం కొండకు రాగానే లోపల ఏదో ఠప్పుమంది. పొగ, కమురు వాసన, ఆపైన నిశ్శబ్దం. బస్సు మెల్లగా వెనక్కి జారి ఒక బండరాయికి తట్టుకుని ఆగింది.

ఘుర్ఘురావుకు కళ్ల ముందు దుంపలు కనబడ్డాయి. కిందికి దూకి, దారిపక్కన మేస్తున్న ఏనుగుల కాళ్లమీద పడ్డాడు. ఏనుగులు తోశాయి. దిగినవాళ్లంతా తోశారు. చుక్కమ్మ కూడా తల ఆనించి తోసింది. మృగరాజు గారు సీటు దిగలేదు, వెనక్కి తిరిగి చూడలేదు. అది ఆయన హోదాకు తగదు.

కొండమీద సభ. దుమ్ములగొండి తీరిగ్గా అడిగింది. "మేనేజరు గారూ, ఇంతకీ మైలేజీ ఎంతొచ్చిందో?"

ఘుర్ఘురావు కుర్చీని తలుచుకున్నాడు. అంతే, బతుకులో మొదటిసారి ఆయన బుర్ర పనిచేసింది.

"ప్రభూ! సగం కొండ నుంచి ఇక్కడిదాకా మన బస్సు ఒక్క చుక్క డీజిలు తాగి ఉంటే నా చెవులు కోయించండి!"

"మరి పవరు?" అన్నారు మృగరాజు గారు.

"ఏనుగు బలం ప్రభూ! తమరు స్వయంగా అనుభవించారు!"

"అవును, కుదుపే లేదు. కానీ వెనక ఎవరో మూలుగుతున్నట్టు వినబడిందే?"

"ప్రజల హర్షధ్వానాలు ప్రభూ."

మృగరాజు గారు జూలు దులిపి శభాష్ అన్నారు. రంగనాథం అప్పటికే బంగారు రంగులోకి మారి దండ కోసం మెడ వంచి ఉన్నాడు.

ఇప్పటికీ ఆ బస్సు రోజూ నడుస్తోంది. పొద్దున దొర్లుకుంటూ దిగుతుంది, సాయంత్రం ప్రయాణికులు తోసుకుంటూ ఎక్కిస్తారు. తోసేవాళ్లు కూడా టిక్కెట్టు తీసుకోవాలని ఘుర్ఘురావు కొత్త రూలు పెట్టాడు. ఆయన కుర్చీ ఇప్పుడు బస్సులోనే, మృగరాజు గారి సీటు వెనకే ఉంది. చుక్కమ్మ చేతిలో టిక్కెట్టు పెట్టి, "గట్టిగా తొయ్యమ్మా, మైలేజీ పడిపోతుంది" అని రోజూ హెచ్చరిస్తాడు.

నీతి: తోసేవాళ్లున్నంత కాలం చచ్చిన ఇంజనుకే మైలేజీ ఎక్కువ.